రెండు నిమిషాల మౌనం గారికి ఓ పాత విద్యార్థిని ఉత్తరం

గౌరవనీయులైన మౌనం గారికి,

ఉభయకుశలోపరి. నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. మీరున్నంతసేపూ నేను కళ్లు మూసుకునే ఉండేదాన్ని. ఒక కన్ను సగమే మూసేదాన్నని ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

మా కాన్వెంట్‌లో పొద్దున ప్రార్థన అవగానే మీరు వచ్చేవారు. వస్తున్నట్టు పీఈటీ సార్ మైకులో "సైలెన్స్!" అని అరిచి చెప్పేవారు. ఆ అరుపుకి చింతచెట్టు మీద కాకులన్నీ లేచిపోయేవి. మిగతా రోజంతా మీ కాపురం క్లాసు లీడర్ చేతిలోని సుద్దముక్కలో. టీచర్ అటు వెళ్లగానే బోర్డు మూల 'టాకింగ్ నేమ్స్' అని రాసి కింద గీత కొట్టేది. పేరెక్కాక మళ్లీ నోరు విప్పితే పక్కన ఒక ఇంటూ. ఓసారి నాకు ఐదు ఇంటూలు పడ్డాయి. అందులో నాలుగు "నా పేరెందుకు రాశావే?" అని అడిగినందుకే.

మిమ్మల్ని నిజంగా చూసింది మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి. త్రికాల జపం (క్యాథలిక్‌లు రోజుకి మూడుసార్లు చేసే ప్రార్థన) గంట కొట్టగానే హాస్టల్ వంటామె గరిటె పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని నిలబడేది. పప్పు అడుగంటుతున్నా కదిలేది కాదు. ఆమెకి ఎవరూ మార్కులు వేయలేదు. మేం మాత్రం పప్పుకి వేసేవాళ్లం.

ఇప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి, మరో క్యాథలిక్ స్కూల్లో. మీ హోదా బాగా పెరిగిందండీ. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద 'మౌనం, మననం, మార్కులు' అని మీ పేరే ముందు. కింద 600కి 580 దాటిన పిల్లల ఫొటోలు, స్టాంపు బిళ్లల్లా. మీకో నోటుబుక్ కూడా ఇచ్చారు, రిఫ్లెక్షన్ జర్నల్ అని. మౌనంలో ఏమనిపించిందో రాయాలి, ఐదు మార్కులు. మా అమ్మాయి "ఏమీ అనిపించలేదు" అని రాస్తే రెండొచ్చాయి. పక్క పిల్ల "దేవుని సన్నిధిని అనుభవించాను" అని రాస్తే ఐదు. మర్నాడు క్లాసు క్లాసంతా దేవుని సన్నిధిని అనుభవించింది.

జర్నల్ అట్ట మీద ఇగ్నేషియస్ లొయోలా బొమ్మ ఉంది, జెస్యూట్ ఫాదర్ల సంఘం పెట్టిన సెయింటు. అది చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి ఆయన నెలల తరబడి మంచం పట్టాడు. మీకూ ఆయనకూ అక్కడే కదా పరిచయం? అప్పుడాయన ఏ పరీక్షకూ చదవడం లేదు. ఆ తర్వాత ముప్పై దాటాక బార్సిలోనాలో లాటిన్ వ్యాకరణం నేర్చుకోబోయాడు. బట్టీ పట్టబోతే చాలు, మీరు దయచేసేవారట. ధ్యానంలో కొత్త కొత్త సంగతులు తోచి పాఠం ఒక్క ముక్క ఎక్కేది కాదట. చివరికి ఆయనే మాస్టారిని చర్చికి పిలిచి, కూర్చోబెట్టి, ఇకపై పాఠం మీదే ధ్యాస పెడతానని మాటిచ్చాడు. అంటే మీ వల్ల ఆ మనిషి ఫెయిలయ్యే పరిస్థితి వచ్చింది! ఈ సంగతి ఫ్లెక్సీ రాసినవాళ్లకి చెప్పకండి, అట్ట మార్చేస్తారు.

రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం, రాత్రి, తనను తాను వెనక్కి తిరిగి చూసుకోమని ఆయన చెప్పాడు. ఆ చూసుకున్నదాన్ని క్లాస్ టీచర్ చేత సంతకం పెట్టించుకోమన్నట్టు నాకెక్కడా కనబడలేదు.

నిన్న రాత్రి మా అమ్మాయిని అడిగాను, "నిజం చెప్పు, ఆ రెండు నిమిషాలూ ఏం చేస్తావే?"

"ముందు వరసలో అమ్మాయి కళ్లు మూసుకుని ఏడుస్తోందమ్మా. రోజూ."

"ఏమైందని అడిగావా మరి?"

"అడిగితే టాకింగ్ నేమ్స్‌లో రాసేస్తారుగా!"

ఇట్లు,
ఐదు ఇంటూల అమ్మాయి