గ్రీన్ టీ తాగాలట, నీళ్లు సగం చేయాలట!

పది రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "మాటిమాటికీ మూత్రం వస్తోందా? ఆపుకోలేకపోతున్నారా? కెఫీనే దీనికి మూలం. కాఫీ, టీ మానేసి గ్రీన్ టీ తాగండి. నీళ్లు సగానికి తగ్గించండి. 7 రోజుల్లో మందుల్లేకుండా పోతుంది." కింద వరుసగా దండాలు. అమలాపురంలో మా పిన్ని దాన్ని అక్షరాలా పాటించింది కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

మూలం కెఫీనేనా? కాలువ గట్టున పెరిగినవాళ్లకి లాకుల సంగతి తెలుసు కదా. కాలువ నిండకుండానే లాకు తలుపులు చూసుకునే లస్కరు కంగారుపడి వాటిని ఎత్తేస్తే ఎలా ఉంటుందో, ఆపుకోలేకుండా మాటిమాటికీ మూత్రం వచ్చే ఈ ఇబ్బంది, అంటే ఓవర్ యాక్టివ్ బ్లాడర్, అలా ఉంటుంది. మామూలు మూత్రసంచిలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడతాయి. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లకి అది నిండకముందే గోడలోని కండరం బిగుసుకుంటుంది, ఇక ఆగదు. కెఫీన్ కిడ్నీల నుంచి నీటిని కాస్త ఎక్కువగా దింపుతుంది, ఆ కండరాన్నీ రెచ్చగొడుతుంది. అంటే లస్కరు కంగారు పెంచుతుంది. కానీ అతన్ని ఉద్యోగంలో పెట్టింది అది కాదు, అంటే మూలం కెఫీన్ కాదు. వయసు, పక్షవాతం లాంటి నరాల జబ్బులు, మగవాళ్లలో ప్రొస్టేట్ వాపు కారణం కావచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. షుగర్ ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది, కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించుకోవాలి.

గ్రీన్ టీ మాట చదివి నవ్వొచ్చింది. అదీ తేయాకే! పెద్ద కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, మామూలు టీలో 45 దాకా, గ్రీన్ టీలో 30 దాకా ఉంటుంది. మన హోటల్ గ్లాసు చిన్నదే, కానీ రోజుకి ఆరు గ్లాసులు పడితే లెక్క మారిపోతుంది. కోలాల్లోనూ, కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది.

అసలు ప్రమాదం నీళ్ల సలహాలో ఉంది. పిన్ని మే నెల ఎండలో, చెమటలు కారే ఉక్కలో రోజుకి నాలుగు గ్లాసులతో సరిపెట్టుకుంది. నాలుగో రోజుకి మూత్రం ముదురు పసుపు, మంట. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా చికాకుపెడుతుంది. మలబద్ధకం వచ్చి పక్కనుంచి ఒత్తుతుంది. ఇన్ఫెక్షన్‌కీ, రాళ్లకీ దారి వేసినట్టే. ఊడ్పులకి వెళ్లే మన ఆడవాళ్లు చేల దగ్గర చాటు లేక ఎలాగూ పొద్దున్నుంచి నీళ్లు ముట్టరు. వాళ్ల ఫోన్లకి ఈ మెసేజ్ పంపడం ఎంత అన్యాయం! గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి డాక్టరు చెప్పిన కొలత వేరు. మిగతావాళ్లు పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించుకుంటే చాలు. పగలు కాదు.

ఇక 7 రోజులు. రోజూ కాఫీ, టీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలుకావచ్చు, వారం దాకా వేధించవచ్చు. ఆ వారంలోనే ఫలితం చూడమంటే ఎలా? ఒక్కో కప్పు చొప్పున నెమ్మదిగా దించడం నయం. ఎన్నిసార్లు వెళ్లారో, ఏం తాగారో మూడు రోజులు కాగితం మీద రాసుకుంటే మీ ఒంటి సంగతి మీకే తెలుస్తుంది. అర్జెంటు వచ్చినా కొంచెం కొంచెంగా ఆపడం నేర్పే సాధన, మూత్రాన్ని ఆపే కటి కండరాల వ్యాయామం, అవసరమైతే మాత్రలూ ఉన్నాయి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పిన్ని ఇప్పుడు నీళ్లు మామూలుగా తాగుతోంది, ఆరు టీలని రెండుకి దించింది. సాయంత్రం నాలుగు దాటాక ముట్టదు. రాత్రి మూడుసార్లు లేచేది ఒకసారికి వచ్చింది. పక్కింటావిడ నెల రోజులు అలాగే చేసినా పిసరంత తేడా లేదట. పోయినవారం తన ఇత్తడి కాఫీ ఫిల్టరు అటక మీంచి దించి తోముకుంది.