వాయుదేవుడిపై అభియోగం

కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దున ఉన్న ఆంటెలోప్ వెల్స్ దాకా రాకీ పర్వతాల వెంబడి సుమారు 4,300 కిలోమీటర్లు మౌంటెన్ బైకు తొక్కించే టూర్ డివైడ్ పందెంలో ప్రవేశ రుసుము లేదు, బహుమతి సొమ్ము లేదు, దారిలో అన్నం పెట్టే జట్టు అంతకన్నా లేదు. ఇన్ని లేముల మధ్య పోటీదారుకు మిగిలిన ఏకైక విలాసం ఏరో బార్ల ఎంపిక. హ్యాండిల్‌బారుకు బిగించి ముందుకు చాచే రెండు కడ్డీలు, మోచేతులు ఆన్చుకునే రెండు మెత్తలు; వీటిపై వంగితే గాలి నిరోధం తగ్గి ఎన్ని వాట్ల శ్రమ మిగులుతుందోనని కొందరు నెలల తరబడి లెక్కలు వేస్తారు.

వీటి వంశచరిత్ర ఘనమైనదే. 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చివరి రోజున, వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్లు, గ్రెగ్ లెమాండ్ ఇలాంటి బార్లపై వంగి గంటకు 54 కిలోమీటర్లకు పైగా వేగంతో తొక్కి, మొత్తం పందెంలో లోరాన్ ఫిన్యోన్‌ను 8 సెకన్ల తేడాతో ఓడించాడు. టూర్ డివైడ్‌ను మైక్ హాల్ 2016లో 14 రోజుల లోపే ముగించి అప్పటికి రికార్డు నెలకొల్పాడు. తిండీ నిద్రా కలుపుకుని చూస్తే అది గంటకు దాదాపు 13 కిలోమీటర్లు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కనుక, లెమాండ్ ఎదుర్కొన్న దానిలో పదిహేనో వంతు కూడా ఇక్కడ ఉండదు. నిద్రపోయే గంటలను సగటులో కలపడం అన్యాయమని పండితులు ఆక్షేపించవచ్చు. పడుకున్న మనిషి వాయుగతిశాస్త్రం దృష్ట్యా అత్యుత్తమ భంగిమలో ఉంటాడని నా మనవి.

అసలు సంగతి అరచేతుల్లో ఉంది. పొద్దు పొడిచింది మొదలు రాత్రి దాకా కంకర దారి అదురును చేతులు మోస్తే అల్నార్ నరం నలిగి, ఉంగరపు వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కుతాయి. ఇంటికి చేరిన వారాల తర్వాత కూడా చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమయ్యే వారున్నారు. బరువును మోచేతుల మీదికి మార్చే ఏరో బారు ఈ బాధకు మంచి ఉపశమనం. అయితే పర్వతాలు దాటబోయే వీరుడు దుకాణానికి వెళ్లి "చేతులు నొప్పండీ, కాస్త ఆనుకునే చోటు చూపించండి" అని అడగడం మర్యాద కాదు గనుక, నేరం వాయుదేవుడి మీద మోపబడుతుంది.

నిజం మాత్రం కొన్న మర్నాడే బయటపడుతుంది. నడుము పట్టేసిందని మెత్తల కింద ఎత్తు పెంచే బిళ్లలు (స్పేసర్లు) పెట్టి, అవి చాలక ఇంకా పెట్టి, చివరికి ఛాతీ నిటారుగా గాలికి ఎదురొడ్డే ఎత్తుకు చేరుస్తారు. బరువు తగ్గుతుందని కార్బన్ కడ్డీలు కొన్నవారే వాటికి దీపం, జీపీఎస్, తిండి సంచి, ఎలుగుబంట్ల కోసం మిరప ఘాటు స్ప్రే తగిలించి వాటిని పెంకుటింటి చిలక్కొయ్యలా వాడుకుంటారు. (ఎలుగుబంటికి గాలి నిరోధం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.)

వ్యోమింగ్‌లోని గ్రేట్ డివైడ్ బేసిన్‌లో, చెట్టూ చేమా లేని చోట ఎదురుగాలి గంటల తరబడి వెనక్కి తోస్తున్నప్పుడు ఇవి నిజంగానే పనికొస్తాయని ఒప్పుకోవాలి. న్యూ మెక్సికోలో వాన పడితే చక్రాలను కదలనివ్వని బంకమట్టిలో బైకును ఎత్తుకుని నడిచేటప్పుడు మాత్రం డొక్కలో పొడుస్తాయి. పైగా వాటి మీద వాలినంతసేపూ చేతులు బ్రేకులకు దూరం. గుంపుగా దూసుకుపోయే అన్‌బౌండ్ గ్రావెల్ పందెంలో 2023 నుంచి మేటి విభాగంవారికి వీటిని నిషేధించారు. టూర్ డివైడ్‌లో గుంపు మొదటి రోజే చెదిరిపోతుంది గనుక పడితే ఒంటరిగా పడవచ్చు.

ఇంతటి పరిశోధనలో హ్యాండిల్‌బారు మందం కొలవడానికి తీరిక దొరకదు. చాలా ఏరో బార్లను బిగించే పట్టు (క్లాంపు) 31.8 మిల్లీమీటర్ల బారుకే పడుతుంది, కొత్త మౌంటెన్ బైకులకు తరచుగా 35 మిల్లీమీటర్ల బారు వస్తుంది. కార్బన్ బారైతే క్లాంపు బిగించవచ్చో లేదో తయారీదారు ఏమన్నాడో కూడా చూడాలి, కానీ అది వాట్లలో తేలే విషయం కాదు.

కాబట్టి పట్టికలు పక్కన పెట్టి, దుకాణంలోనే బైకెక్కి, మెత్తల మీద మోచేతులు ఆన్చి కళ్లు మూసుకోవాలని నా సిఫారసు. దుకాణం కట్టేసే వేళకు దుకాణదారు వచ్చి ఏ జత మీది నుంచి మిమ్మల్ని తట్టి లేపుతాడో, ఆ జతకే బిల్లు రాయించుకోండి.