పట్టకం కంటికి రక్ష కాదు

“గాజుపట్టకంతో (ప్రిజంతో) గుంటూరులో హీలియం కనిపెట్టారు, మన చరిత్రను దాచేశారు” అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్న స్నేహితులే. అందుకే ఈ ఓపిక.

పట్టకం విడదీసిన సూర్యకాంతి రంగుల పట్టీలో కనిపించే నల్లగీతలను న్యూటన్ చూశాడట. లేదు. మొదట గమనించింది 1802లో వొలాస్టన్, 1814 నుంచి వందల గీతలకు పటం గీసింది ఫ్రాన్‌హోఫర్. ఇక అసలు సంగతికి వద్దాం.

1868 ఆగస్టు 18న గ్రహణవేళ గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ “హీలియంను ప్రకటించాడు” అంటారు. ఆయన చూసింది సూర్యుడి అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల వెలుగుగీతలను. ఒక్కో మూలకానిది ఒక్కో గీతల వరస. ఆయన చూసినవాటిలో ముఖ్యమైనవి హైడ్రోజన్‌వి. ఆ జ్వాలల్లోని పసుపు గీత (హీలియం గీత అదే) తరంగదైర్ఘ్యం లెక్కలో 587.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సోడియం జంటగీతలు 589.0, 589.6 దగ్గర. ఇంత దగ్గరగా ఉంటే దాన్ని సోడియందిగా పొరబడడం సహజమే. ఇది సోడియంది కాదని ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త లాకియర్ తర్వాత తేల్చాడు. భూమ్మీద హీలియంను రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది.

జాన్సెన్ కనిపెట్టినదాన్ని లాకియర్ దొంగిలించాడట! ఆ జ్వాలల గురించి ఇద్దరూ రాసిన ఉత్తరాలు పారిస్‌లోని సైన్స్ అకాడమీకి దాదాపు ఒకేసారి చేరాయి. ఫ్రెంచ్ ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేయించింది. దొంగకూ సొమ్ముగలవాడికీ కలిపి సన్మానం చేశారన్నమాట.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. గుంటూరుకు దక్కాల్సిన పేరు దక్కలేదన్న మాట నిజమే. అసలు మెసేజే ఆ ఊరిని తక్కువ చేసింది. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణంతో పనేముందని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు అక్కడే, మామూలు పగటి ఎండలో, ఆ జ్వాలలను మళ్లీ చూశాడు. సూర్యుణ్ని పరిశీలించేవాళ్లకు గ్రహణం కోసం కాచుకునే బాధ తప్పించిన పని అది. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఉన్నదేమిటంటే: “పట్టకం కాంతిని విడగొడుతుంది కాబట్టి దాంతో సూర్యుణ్ని నేరుగా చూసినా కంటికి హాని లేదు, జాన్సెన్ అలాగే చూశాడు.” ఇది రాసినవాడికి దండం పెట్టాలి!

సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. మామూలు పట్టకం దాన్ని రెండు నుంచి నాలుగు డిగ్రీల రంగుల పట్టీగా సాగదీస్తుంది. అంటే వెలుగు తీవ్రత కొన్ని రెట్లే తగ్గుతుంది. గ్రహణం చూసే కళ్లద్దాలకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.0032 శాతానికి మించి వెలుగు లోపలికి రాకూడదు. వేడిని పట్టకం ఆపేస్తుందా? 1800లో హెర్షెల్ ఎరుపు రంగు దాటిన చోట థర్మామీటర్ పెట్టి, కంటికి కనిపించని వేడి కిరణాలను కనిపెట్టింది పట్టకం గుండా వచ్చిన వెలుగులోనే కదా! కంటి లోపలి తెర రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్నప్పుడు కాలుతోందని చెప్పదు.

జాన్సెన్ పట్టకాన్ని కంటికి ఆనించుకుని కూర్చోలేదు. ఆయన వాడిన స్పెక్ట్రోస్కోప్‌లో (వెలుగును రంగులుగా విడదీసి చూసే పరికరంలో) పట్టకానికి ముందు సన్నని చీలిక ఉంటుంది. అంచు బయటి జ్వాల నుంచి కొద్దిపాటి వెలుగే దాని గుండా వెళ్తుంది. పైగా ఆ గ్రహణ నిమిషాల్లో బింబాన్ని చంద్రుడు పూర్తిగా కప్పేశాడు.

పిల్లలకు రంగులు చూపాలంటే పట్టకాన్ని ఎండలో పెట్టి, వెలుగును గోడ మీద పడనివ్వండి. గోడను చూడమనండి. మెసేజ్‌లో ఆ ఒక్క పేరా తీసేసి పంపితే, న్యూటన్ ఏం చూశాడని రాసుకున్నా నేను నోరెత్తను.