సవరణ: మోటార్ లేపే తాడు కట్టాల్సిన చోటు

తెరచాప పడవ వెనక బిగించిన ఔట్‌బోర్డ్ మోటార్‌ను నీళ్లలోంచి లేపడానికి రెండు గిలకలు, తాడుతో చేసుకునే సాధనం గురించి మొన్న రాశాను. అందులో తాడును మోటార్ పైమూతకు కట్టమనడం తప్పు. చాలా మోటార్లలో ఆ మూతను పట్టి ఉంచేది గొళ్లెమే. అది జారిందంటే మూత ఊడి వస్తుంది, బరువంతా ధడాలున కిందపడుతుంది. మూత కింద గట్టి లోహపు భాగానికే కట్టండి.

లెక్క కూడా సరిచేస్తున్నాను. తాడు ఒక కొసను పై గిలకకు కట్టి, రెండో కొసను కిందికి లాగితే లాగాల్సిన బలం సగానికే తగ్గుతుంది, మొన్న రాసినట్టు మూడో వంతుకు కాదు. అంటే 20 కిలోల బరువుకు 10 కిలోల లాగుడు, రాపిడికి ఇంకాస్త. లాగే ముందు రివర్స్ లాక్ (పడవను వెనక్కి నడిపేటప్పుడు మోటార్ పైకి లేవకుండా పట్టి ఉంచే గొళ్లెం) తీశారో లేదో తప్పక చూడండి.