ఫిట్‌మెంట్ శాతం కాదు, ‘నోషనల్’ నెలలు లెక్కపెట్టండి

పీఆర్సీ (ప్రభుత్వోద్యోగుల జీతాలను ఐదేళ్లకోసారి సవరించే వేతన సవరణ సంఘం) అనగానే ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు శాతం, ఎంత అన్నదే గోల. జీవోలో ముందు వెతకాల్సింది ‘నోషనల్’ అనే మాట. దాని కింద జీతం సర్వీసు రిజిస్టరులో పెరుగుతుంది, బ్యాంకు ఖాతాలో పెరగదు.

పదో పీఆర్సీ 2013 జులై 1 నుంచి అమలన్నారు, డబ్బు లెక్క 2014 జూన్ 2 నుంచి మొదలైంది. పదకొండు నెలలు పోయాయి. ఆ తర్వాతిది 2018 జులై 1 నుంచి. ఆర్థిక లబ్ధి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2020 ఏప్రిల్ 1 నుంచే. ఈసారి 21 నెలలు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతమిచ్చి ఫిట్‌మెంట్ 23 దగ్గర ఆపడం మీద రేగిన రచ్చలో ఈ సంగతి మరుగున పడింది.

తెలంగాణ లెక్కే చూద్దాం. పాత మూలవేతనం 40,000 అనుకుంటే 30 శాతం ఫిట్‌మెంట్ నెలకు 12,000. ఇంక్రిమెంట్లు, డీఏ (కరవు భత్యం), ఇంటి అద్దె పక్కన పెడదాం. ఐదేళ్లలో 21 నెలలు తీసేస్తే మిగిలేవి 39, అంటే 4,68,000. అదే 20 శాతమే ఇచ్చి మొదటి రోజు నుంచీ చెల్లిస్తే 60 నెలలకు 4,80,000! పైగా ఆ 39లోనూ 12 నెలల బకాయి, అంటే 1,44,000, ఉద్యోగికి రిటైరయ్యాకే అన్నారు. పింఛను లెక్కలో, తర్వాతి పీఆర్సీలో 30దే పైచేయి, కాదనను. కానీ ఇంటి ఈఎంఐ కట్టాల్సింది ఈ నెల.

ఖజానాలో డబ్బు లేదు, నిరుద్యోగుల సంగతేంటి అంటారు. సరే, లేకపోతే వాయిదా వేయండి. కానీ వాయిదా పడిన సొమ్ము అప్పు. బహిరంగ మార్కెట్లో బాండ్లు అమ్మితే వడ్డీ కట్టే ప్రభుత్వం, ఉద్యోగి దగ్గర మాత్రం చేబదులు తీసుకుంటోంది. ఏటా జనవరి, జులైల్లో రావాల్సిన డీఏదీ ఇదే దారి: ఆలస్యంగా ప్రకటించడం, బకాయిని పాత పింఛను పథకంలోని ఉద్యోగులకు జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో వేయడం, సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పింఛను పథకం) వాళ్లకు వాయిదాల్లో పంచడం. ఆ జీపీఎఫ్‌లోంచి కూతురి పెళ్లికి అడిగితే బిల్లు నెలల తరబడి పెండింగ్. ఇలా చెల్లించకుండా ఆపిన బకాయి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రుణం పద్దులో కనపడదు. రాష్ట్రాల అప్పు మీద జరిగే చర్చంతా అసంపూర్ణంగా ఉండేది అందుకే.

తెలంగాణలో తర్వాతి పీఆర్సీ గడువు 2023 జులై 1. చేతికందింది ఆ ఏడాది అక్టోబరు నుంచి 5 శాతం ఐఆర్. సంఘాలు చర్చలకు వెళ్లేటప్పుడు శాతం కన్నా ముందు రెండు వాక్యాలు రాయించుకోవాలి: గడువు తేదీ నుంచే నగదు, ఆలస్యమైన ప్రతి నెలకూ జీపీఎఫ్ రేటున వడ్డీ.