ఆమె పేరు రాయడం చేతకాదా?

మా పత్రికలో చిన్న ప్రకటనల పేజీ ఒకటుంది. ఇళ్ల స్థలాలు, పెళ్లి సంబంధాలు, పోగొట్టుకున్న పదో తరగతి సర్టిఫికెట్లు. డబ్బు తెచ్చే పేజీ కనుక సంపాదక వర్గం దాని జోలికి పోదు, చదవదు కూడా. నిన్న రాత్రి అచ్చుకు వెళ్లే ముందు ఎందుకో ఒకరి కన్ను అటు పడింది. అగ్గిపెట్టెంత ప్రకటన. ఆర్మీ నంబరు ఫలానా గల హవల్దార్ ఫలానా భార్యనైన నేను, నా భర్త సర్వీసు రికార్డులో లక్ష్మి అని ఉన్న నా పేరును వెంకటలక్ష్మిగా మార్చుకున్నాను అని దాని సారాంశం. పేర్లు మేము మార్చి రాస్తున్నాం. దాని కిందే ఇంకో జవాను భార్య ప్రకటన. ఈసారి పుట్టిన తేదీ.

ఏళ్ల తరబడి ఇవి అచ్చవుతూనే ఉన్నాయి. మేమూ రుసుము తీసుకుంటూనే ఉన్నాం. ఇన్నాళ్లూ కంటికి ఆనకపోవడం మా తప్పు. ఇప్పుడు ఆనింది కనుక చెప్పక తప్పదు.

ఆ ప్రకటనలో పచ్చి అబద్ధం ఒకటుంది. ఆమె పేరేమీ మార్చుకోలేదు. బారసాల నాడు బియ్యంలో రాసిన పేరుతోనే పెరిగింది, ఆ పేరుతోనే తాళి కట్టించుకుంది. పెళ్లయిన కొత్తలో భర్త యూనిట్‌లో ఫారం నింపిన గుమస్తా ఎవరో సగం పేరు రాసుకుని ఊరుకున్నాడు. ఇలాంటి ప్రకటనల్లో చాలావాటి వెనుక కథ ఇదే. తప్పు చేసింది కార్యాలయం. నోటరీ ముందు ప్రమాణం చేయవలసింది ఆమె. స్టాంపు కాగితం ఖర్చు ఆమెది, పత్రికకు కట్టే రుసుము ఆమెది. పైగా 'నేనే మార్చుకున్నాను' అని లోకానికి చాటాలి.

తెలుగువారి పేర్ల సంగతి తెలియనిదా? ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించడం మనకు అలవాటు. ఫారంలోని గడులు వేరే లెక్కలో ఉంటాయి. ఇంటిపేరు చివరికి పోతుంది, వెంకట ఒక గడిలో పడుతుంది, లక్ష్మి ఇంకో గడిలో. ఆధార్‌లో కలిపి, పాన్ కార్డులో విడదీసి, బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరుతో. పుట్టిన తేదీ సంగతి సరేసరి. బడిలో చేర్చుకున్న పంతులుగారు వేళ్ల మీద లెక్కపెట్టి రాసిన జూన్ నెల తేదీ ఒకటి, ఆధార్ శిబిరంలో నోటికొచ్చి చెప్పిన జనవరి 1 ఇంకొకటి. ఊళ్లో ఎవరికీ దీనితో పేచీ లేదు. రికార్డు ఆఫీసు దృష్టిలో మాత్రం వీళ్లు ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరిలో హవల్దారు భార్య ఎవరో తేలేదాకా ఫైలు కదలదు.

సరిచేయించుకునే దారి సైనిక కుటుంబాలకు కంఠతా వచ్చు. అఫిడవిట్, ఒక ఇంగ్లీషు పత్రికలో ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన, ఆ పత్రికల కత్తిరింపులు, గుర్తింపు కార్డుల నకళ్లు. అన్నీ కట్టగట్టి భర్త యూనిట్‌కు చేర్చాలి. భర్త ఫీల్డులో ఉంటాడు. అక్కడికి కట్ట చేరి, యూనిట్ గుమస్తా పార్ట్ టూ ఆర్డర్, అంటే సర్వీసు రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వు, వేసి, అది రికార్డు ఆఫీసుకు పోవాలి. ఫిరంగి దళమైతే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. అక్కడ 'అబ్జర్వేషన్' పడితే మొత్తం వెనక్కి వస్తుంది. అబ్జర్వేషన్ అంటే గమనించడం అనుకునేరు. ఫైలును తిప్పి పంపడానికి సైన్యం పెట్టుకున్న మర్యాదైన మాట అది. నకలు మీద ఒక చోట సంతకం లేదని ఒకసారి, ప్రకటనలో ఆర్మీ నంబరులో ఒక అంకె తప్పిందని ఇంకోసారి. ఆ అంకె తప్పు మాదే అయి ఉండవచ్చు. మళ్లీ ప్రకటన, మళ్లీ రుసుము.

ఇదంతా భర్త సర్వీసులో ఉండగా అయితే నయం. లోపలి నుంచి అడిగే మనిషి ఉంటాడు. అతను పోయిన తరువాత బయటపడితే ఆమె ఎవరిని అడగాలి? ప్రయాగ్‌రాజ్ కేంద్రంగా రక్షణ పింఛన్లను నడిపే ఆన్‌లైన్ వ్యవస్థకు స్పర్శ్ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవారి సౌకుమార్యం మెచ్చుకోదగిందే. 30 లక్షలకు పైగా పింఛనుదారులు దాని కింద ఉన్నారు. ఏటా బతికే ఉన్నామని అందులో రుజువు చేసుకోవాలి. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. అప్పుడు మళ్లీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మెట్లు.

రికార్డు కచ్చితంగా ఉండాలి కదా, దొంగ పేర్లతో పింఛను కాజేసేవారు లేరా అని అధికారులు అంటారు. లేకపోలేదు. కంప్యూటర్ వచ్చాక దళారుల బెడద తగ్గిందన్న మాటలో కూడా నిజముంది. పరిశీలన వద్దని ఎవరూ అనడం లేదు. మా ప్రశ్న అది కానే కాదు. జవాను బూటు సైజు, రక్తం గ్రూపు, పుట్టుమచ్చ ఎక్కడుందో రాసి పెట్టుకున్న వ్యవస్థకు అతని ఇల్లాలి పేరు ఒక్కసారి సరిగా రాసుకోవడం ఎందుకు చేతకాలేదు? చేతకానప్పుడు శిక్ష ఆమెకెందుకు?

భర్త దేశం కోసం ప్రాణమిచ్చాక ఇదే ఆమెను వేదిక మీదికి పిలిస్తే 'వీరనారి' అంటారు. శాలువా కప్పుతారు, మంత్రిగారు చేతులు జోడిస్తారు, ఫొటో మర్నాడు మా పత్రికలోనే మొదటి పేజీలో వస్తుంది. అదే మనిషి వారం తిరక్కుండా కౌంటరు దగ్గరికి వెళితే, నువ్వు ఎవరో కాగితం చూపించు అంటారు. వేదిక మీద ఆమె పేరు ఎవరికీ సందేహం కాదు. ఇవ్వవలసి వచ్చినప్పుడే సందేహం వస్తుంది. దీన్ని పరిపాలన లోపం అని మేము అనం. ద్వంద్వ నీతి అంటాం.

సందేహం ఎంత దూరం పోగలదో చూడండి. 2013 జనవరిలో జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర గస్తీలో ఉన్న ఒక సైనికుడు తీవ్రమైన చలి వాతావరణంలో ప్రాణం విడిచాడు. మొదట దాన్ని యుద్ధ మరణంగా రాశారు. తరువాత ఎవరో పెన్ను మార్చి సాధారణ మరణం కిందికి తెచ్చారు. ఆ ఒక్క మాటలో ఏముందంటారా? మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం, ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం, యుద్ధ మరణమైతే వచ్చే ఉదార కుటుంబ పింఛను 100 శాతం. అతని భార్య సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019లో గెలిచింది. అక్కడితో ఆగితే మనం ఈ మాట రాసేవాళ్లమే కాదు. కేంద్రం ఆమె మీద సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2024 డిసెంబరులో న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, అగస్టీన్ జార్జ్ మసీహ్ ఆ అప్పీలును కొట్టేసి, ఆమెను ఈ కోర్టుదాకా లాగి ఉండకూడదని చెప్పి, 50 వేల రూపాయలు ఖర్చుల కింద ఆమెకే కట్టమన్నారు. దాదాపు పన్నెండేళ్లు. సరిహద్దులో ఆమె భర్త నిలబడిన చలి చలే కాదని వాదించడానికి ప్రభుత్వం ఖజానా డబ్బుతో లాయర్లను పెట్టుకుంది.

దీని పక్కన ఇంకొకటి పెట్టి చూద్దాం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు నేలకొరిగారు. జూన్ 22న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి సూర్యాపేటలో వాళ్ల ఇంట్లో ఉన్నారు. ఐదు కోట్ల రూపాయల సాయం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగ పత్రం. సరైన పని. అందులో ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. మేము పట్టుకున్నది ఆ వారం రోజులను. ఏడు రోజుల్లో ఏ అబ్జర్వేషనూ పడలేదు, ఏ కత్తిరింపూ అడగలేదు, ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. అది రాష్ట్రం, ఇది కేంద్రం అంటారేమో. కాగితం కదిలేది దేశం చూస్తున్నప్పుడే అన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే. కెమెరాలున్న చోట వారం. లేని చోట పన్నెండేళ్లు.

ఇంకో పాత ముచ్చట కూడా గుర్తు చేయాలి. శౌర్య పతకం పొందిన సైనికుడు మరణిస్తే ఆ పతకంతో వచ్చే భృతి భార్యకు అందుతుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆపేసేవారు. ఒక్క మినహాయింపు ఉండేది. చనిపోయిన భర్త సోదరుణ్ణి, అంటే బావగారినో మరిదినో చేసుకుంటే భృతి కొనసాగేది. చదువుతున్నది సరిగానే చదువుతున్నారు. ఈ షరతును రక్షణ శాఖ తీసేసింది 2017 నవంబరులో. అప్పటికి మనకు చంద్రయాన్, మంగళయాన్ రెండూ అయ్యాయి. వీరనారి అన్న మాటా అప్పటికి వాడుకలో ఉన్నదే. ఆమె ఎవరింట ఉండాలో నిర్ణయించే హక్కు మాత్రం ఫైలు దగ్గరే ఉంది.

పోయినవారి భార్యల గురించే ఎందుకు, ఉన్నవారి భార్యల మాటేమిటి? జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. కాగితం మీద లెక్క ఇది. మిగతా రోజుల్లో ఇంటికి మగదిక్కూ ఆడదిక్కూ ఆమే. పిల్లవాడి బడి, అత్తగారి మోకాలి నొప్పి, పొలం పాస్‌బుక్కు, గ్యాస్ బండ. ఎక్కడికి వెళ్లినా మీ ఆయన సంతకం కావాలి అన్న మాట. సెలవు అయిపోయే ముందు రాత్రి తెల్లకాగితాల మీద వరసగా సంతకాలు పెట్టి, బీరువాలో చీరల కింద దాచి రైలెక్కే జవాన్లు ఉన్నారు. ఆమె వాటిని పొదుపుగా వాడుకుంటుంది, ఉప్పూ పప్పూ వాడుకున్నట్టు. యూనిట్ ఎత్తైన చోటికి మారితే వారానికో ఫోను, అదీ సిగ్నలుంటే. అవతల నుంచి 'బాగున్నాను' అన్న మాట విని, ఇవతల నుంచి ఫైలు మళ్లీ వెనక్కి వచ్చిందని చెప్పాలా వద్దా అని ఆలోచించుకునే ఇల్లాలి మనసు ఏ ఫారంలోని ఏ గడిలో పడుతుంది?

తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను ఇస్తున్న ఊరు. పేరే మిలటరీ మాధవరం అయిపోయింది. ఆ ఊరి మగవాళ్ల గురించి మా పత్రికతో సహా అందరం రాశాం. నూరేళ్లకు పైగా వాళ్ల వెనుక ఇళ్లు నడిపిన ఆడవాళ్ల గురించి ఎన్ని వాక్యాలు రాశామో మా పాత సంచికలు తిరగేస్తే మాకే సిగ్గేస్తుంది.

న్యాయం కావాలంటే ట్రిబ్యునల్ ఉందిగా అనవచ్చు. ఉంది. 2007 చట్టంతో వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. ఇచ్ఛాపురంలో ఉన్న ఆడమనిషి, ఆదిలాబాద్‌లో ఉన్న ఆడమనిషి తన పేరు తనదేనని చెప్పడానికి చెన్నై వైపు చూడాలి. సికింద్రాబాద్‌లో అంత పెద్ద కంటోన్మెంటు ఉంది, గోల్కొండలో ఫిరంగి దళ శిక్షణ కేంద్రం ఉంది. శాశ్వత ధర్మాసనానికి మాత్రం హైదరాబాద్ పనికిరాలేదు.

ఏం చేయాలో చెప్పడానికి కమిటీ అక్కర్లేదు. సర్వీసు రికార్డులో భార్య పేరు తప్పుగా ఉంటే, ఆధార్, పెళ్లి ధ్రువపత్రం, తహసీల్దార్ సంతకం చాలునని ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. ప్రకటన అన్నది తీసేయాలి. తప్పు కార్యాలయానిదైతే దిద్దుబాటు ఖర్చూ కార్యాలయానిదే కావాలి. జవాను ఏటా సెలవుకు బయలుదేరే ముందు అతని కుటుంబ వివరాలు తెలుగులోనూ చదివి వినిపించి సంతకం తీసుకుంటే సగం తప్పులు అక్కడే తేలిపోతాయి. ట్రిబ్యునల్‌లో గెలిచిన భార్య మీద సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే, వెళ్లమని సంతకం పెట్టిన అధికారి పేరు బయటికి రావాలి. ఆమె పేరు రెండు పత్రికల్లో వేయించగలిగినప్పుడు ఆయన పేరు ఒక్క పత్రికలో వేయడానికి అభ్యంతరం ఏమిటి?

మన 42 మంది లోక్‌సభ సభ్యులకూ ఒక మాట. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినమని చొక్కాకు జెండా గుచ్చుకుని ఫొటో దిగడం మీకు బాగా అలవాటు. ఆ ఫొటోలు వేయడం మాకూ అలవాటే. ఈసారి దిగే ముందు మీ నియోజకవర్గంలో పేరు తప్పిన కారణంగా ఆగిన పింఛన్లు ఎన్నో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, ఆ సంఖ్యను సభలో ప్రశ్నగా వేయండి. అడగని వారి ఫొటో మా పత్రికలో ఉండదు.

మా వంతు కూడా చెబుతాం. సైనికుల భార్యలు ఇచ్చే పేరు, పుట్టిన తేదీ ప్రకటనలకు ఇవాళ్టి నుంచి మేము రుసుము తీసుకోం. ఇది దానం కాదు, ఇన్నాళ్లూ తీసుకున్నందుకు సిగ్గు. రక్షణ మంత్రిగారు ఈసారి ఎక్కడైనా వేదిక మీద ఒకామెకు శాలువా కప్పి వీరనారి అని పిలిచేటప్పుడు, పక్కన నిలబడ్డ అధికారిని ఆమె పేరు రికార్డులో ఎలా ఉందో చదివి వినిపించమనాలి. మైకు ఆపకుండా.