సవరణ: ఏ4988 డ్రైవర్‌లో వీరెఫ్ లెక్క

ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్‌లో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) మోటారు స్టెప్పులు తప్పుతుంటే, మోటారుకు కరెంటు పంపే ఏ4988 డ్రైవర్ బోర్డులో వీరెఫ్‌ను (కరెంటు పరిమితిని నిర్ణయించే వోల్టేజీని) 0.6 వోల్టులకు పెట్టమని మొన్న రాశాను. అది అన్ని బోర్డులకూ చెల్లదు. నా బోర్డు లెక్కనే అందరికీ చెప్పేశాను, తప్పు నాదే.

చిప్ డేటాషీట్ ప్రకారం మోటారుకు వెళ్లే గరిష్ఠ కరెంటు = వీరెఫ్ ÷ (8 × కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ విలువ, ఓముల్లో). చిప్ పక్కనే ఆ సెన్స్ రెసిస్టర్లు రెండు, చిన్నగా నల్లగా ఉంటాయి, భూతద్దం పెట్టి వాటి మీది అంకె చదవండి. ఆర్050 (అంటే 0.05 ఓములు) అని ఉంటే 0.6 వోల్టులకు 1.5 ఆంపియర్లు వస్తాయి. ఆర్100 (0.1 ఓములు) అయితే 0.75 మాత్రమే, అంటే సగం. 1.5 ఆంపియర్ల మోటారుకు ఆ బోర్డులో 1.2 వోల్టులు పెట్టాలి. లేదంటే బిట్ చెక్కలో దిగగానే మోటారు గుర్రుమని వణికి, స్టెప్పులు ఇంకా తప్పుతాయి.

హీట్‌సింక్, ఫ్యాన్ లేకుండా మాత్రం 1 ఆంపియర్ దాటించకండి.